బొంతలో కూర్పు

తెలుగులో ‘అతుకుల బొంత’ అన్న మాటను మెచ్చుకోలుగా ఎవరూ వాడరు. నాలుగైదు పార్టీలు కలిసి గద్దెనెక్కిన ప్రభుత్వాన్ని, ఒక పేరాకూ మరో పేరాకూ పొంతన లేని వ్యాసాన్ని, పాత బాణీలు ఏరి కూర్చిన సినిమా సంగీతాన్ని ఎద్దేవా చేయవలసి వచ్చినప్పుడు పత్రికలవారూ పండితులూ ఒకేలా ఆశ్రయించే నుడికారం ఇది. అయితే ఈ నుడికారానికి మూలమైన వస్తువును నేలమీద పరచి తీరికగా పరిశీలించినవారికి ఆ ఎత్తిపొడుపులో ఒక అన్యాయం కనిపిస్తుంది. బొంత నిండా అతుకులు ఉంటాయన్నది నిజమే గాని, ఆ అతుకులకు పొందిక ఉండదన్నది నిజం కాదు. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలి, అంచును ఎటు తిప్పాలి, కుట్టును ఎంత దగ్గరగా వేయాలి అన్న ప్రతి విషయంలోనూ కుట్టిన మనిషి తీసుకున్న నిర్ణయం ఒకటి ఉంటుంది, ఆ నిర్ణయాలన్నీ కలిసినప్పుడు చిత్రకారులు కూర్పు అని పిలిచేది ఏర్పడుతుంది. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతమైన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఈ కూర్పు తల్లి చేతినుంచి కూతురి చేతికి అందుతూ వచ్చినా, దానిని పొదుపు అన్నారే గాని కళ అనలేదు, కుట్టినవారి పేరు దానిమీద ఎన్నడూ పడలేదు.

బొంత అంటే వాడి వాడి మెత్తబడిన నూలు చీరలను, ధోవతులను, దుప్పట్లను మూడు నుంచి అయిదారు పొరలుగా పేర్చి, ఆ పొరలన్నింటినీ పట్టి ఉంచేలా ఒక కొసనుంచి మరో కొసదాకా చేతికుట్టు వేసిన పక్కబట్ట. అవసరాన్ని బట్టి దానిని కింద పరుచుకుంటారు, పైన కప్పుకుంటారు. ఇంగ్లీషువారి క్విల్ట్‌కు దగ్గరి బంధువు ఇదే. హైదరాబాద్ ఉర్దూలో రజాయి అనేది మాత్రం వేరు, ఎందుకంటే రజాయిలో రెండు బట్టల నడుమ దూదేకులవారు ఏకిన దూదిని నింపుతారు, బొంతలో లోపలి నింపుడు కూడా బట్టే. సంస్కృతంలో దీనిని కంథ అన్నారు, బెంగాలీల కాంథాకు ఆ మాటే మూలం. మహబూబ్‌నగర్ సరిహద్దు దాటి రాయచూరు వైపు వెళితే కన్నడిగులు కౌది అంటారు, మరాఠీవారు గోధడి అంటారు. శంకరాచార్యుల పేర ప్రచారంలో ఉన్న భజగోవిందంలో వీధిలో ఏరుకున్న పీలికలతో కంథ కుట్టుకున్న యోగి ప్రస్తావన ఉంది. అంతకు ముందే బౌద్ధ భిక్షువులు ధరించే చీవరాన్ని ముక్కలు కలిపి కుట్టాలని వినయపిటకం నియమం పెట్టింది; ఆ ముక్కల అమరిక మగధ దేశపు వరిమడులూ వాటి మధ్య గట్లూ ఉన్న తీరులో ఉండాలని బుద్ధుడు సూచించగా ఆనందుడు అలా కుట్టించాడని బౌద్ధ వాఙ్మయం చెబుతుంది. ఉమ్మడి నల్లగొండలోని ఫణిగిరి గుట్టమీద ఒకప్పుడు బౌద్ధారామం వెలసిన సంగతి తెలిసినవారికి, ముక్కల బట్టకు ఈ నేలతో ఉన్న పరిచయం ఎంత పాతదో ఊహకు అందుతుంది. పొలాన్ని చూసి బట్టను కూర్చడం, అంటే కళ్ళెదుట ఉన్నదానినుంచి అమరికను తీసుకోవడం, ఆనాటి భిక్షువులకే కాదు, నేటి బొంత కుట్టే స్త్రీకీ సహజమే.

ఇక్కడ నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నప్పుడు పాత జిల్లాలనే గుర్తుంచుకోవాలి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్లగొండనుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్‌నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది. కృష్ణానది ఒడ్డునే ఉన్నా చాలాకాలం వానమీదనే ఆధారపడిన ఎర్రచెలకల దేశం ఇది, ఆముదం, జొన్న, వేరుశనగ పండే నేల. కరువు వచ్చిన ఏడు పల్లె ఖాళీ అయ్యేది. ఆనకట్టలూ కాలువలూ రోడ్లూ ఎక్కడ కడుతున్నా అక్కడ ‘పాలమూరు లేబర్’, అంటే పాలమూరు అని కూడా పిలిచే మహబూబ్‌నగర్ కూలీలు, కనిపించేవారు. ఆ వలసకూలీల మూటలో రెండు గిన్నెలతోపాటు చుట్టచుట్టి తాడుతో కట్టిన బొంత తప్పక ఉండేది, అది పగలు మూటకు గుడ్డగా, రాత్రి పక్కగా, చంటిబిడ్డకు నీడగా పనికొచ్చేది. చలిని ఆపే మరో వస్తువు గొంగడి. దక్కను జాతి గొర్రెల నల్లటి ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పెట్టే ఆ కంబళి మగవాళ్ళ భుజాన ఊరంతా తిరిగి అందరికీ కనబడింది, పాటల్లోకీ ఎక్కింది. బొంత మాత్రం ఇంటి లోపలే ఉండిపోయింది.

బొంత సౌందర్యాన్ని అర్థం చేసుకోవాలంటే అందులోకి వచ్చే బట్ట ఎక్కడిదో ముందు తెలియాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో ముక్క అనేది ఉత్త ముక్క కాదు, చుట్టుపక్కల ఊళ్ళ మగ్గాల చరిత్ర అందులో ఉంటుంది. నారాయణపేట చీరలో ఒంటినిండా చిన్న చిన్న గళ్ళు, దానికి భిన్నమైన రంగులో గట్టి అంచు, ఎరుపు మీద తెల్లని పట్టీలు వచ్చే కొంగు ఉంటాయి. ఒకే పొడవాటి పడుగు మీద వరసగా ఎనిమిది చీరలు నేయడం అక్కడి వాడుక. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెంటినీ కలిపేందుకు కుప్పడం అనే పద్ధతిలో నేతగాడు రెండు రంగుల పేకనూలును, అంటే అడ్డంగా సాగే పోగులను, చేరిక దగ్గర ఒకదానితో ఒకటి మెలివేస్తాడు. ఇక పోచంపల్లి, పుట్టపాక వైపు వెళితే చిటికి పని కనిపిస్తుంది. నేయకముందే నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచి, కట్టిన చోట రంగు పట్టకుండా చేసి, ఆ నూలుతో నేసినప్పుడు బొమ్మ దానంతటదే తేలేలా చూడడం ఈ పనిలోని కిటుకు. బయటి లోకం దీనిని ఇకత్ అంటుంది. పుట్టపాకలో ఇప్పటికీ బతికి ఉన్న తేలియా రుమాలు కోసం నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ పలుమార్లు నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేస్తారు. ఆ ఊరి గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది.

చిటికి చీర వెనుక స్త్రీల చాకిరీ ఎంత ఉందో లోకానికి తెలిసింది చింతకింది మల్లేశం వల్ల. నూలును కట్టడానికి ముందు ‘ఆసు పోయడం’ అనే పనిలో మేకులు దిగ్గొట్టిన చట్రం చుట్టూ ఒక్కో పోగునూ చేత్తో తిప్పాలి, ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, ఆ పని ఇంటి ఆడవాళ్ళదే. ఆలేరు ప్రాంతపు మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక కనిపెట్టిన యంత్రానికి ఆమె పేరనే లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. చీర పుట్టుకలో తొమ్మిది వేల కదలికలు ఒక స్త్రీవైతే, అదే చీర చినిగి బొంతలో చేరినప్పుడు దాని రెండో జీవితానికి కావలసిన వేల కుట్లు మరో స్త్రీవి అవుతాయి. ఈ రెండు లెక్కల్లో మొదటిది మల్లేశం పుణ్యమా అని పుస్తకాలకెక్కింది, రెండోదాన్ని ఎవరూ వేయలేదు.

బొంత పని పొలం పనులు తగ్గే ఎండాకాలంలో మొదలవుతుంది, ఎందుకంటే బట్టలు ఉతికి కరకరలాడేలా ఎండబెట్టడానికీ, వాకిట్లో బారుగా పరచి వదిలేయడానికీ ఆ రోజులే అనువు. మొదటి మెట్టు ఏరుకోవడం. చీర అంతా ఒకేసారి పాతబడదన్నది కుట్టేవారికి బాగా తెలిసిన విషయం. కూర్చున్నప్పుడు రాపిడి తగిలే నడుము కింది భాగం, మడమకు తగిలి నలిగే కింది అంచు ముందుగా జీర్ణిస్తాయి, లోపలికి దోపే కొసా కొంగూ చివరిదాకా గట్టిగా ఉంటాయి. అందుకని చేత్తో తడిమి, వెలుతురుకెత్తి చూసి, పలచబడ్డ భాగాలను నడిమి పొరలకు, గట్టి భాగాలను అడుగు పొరకు, గట్టిగానూ కంటికి ఇంపుగానూ ఉన్నవాటిని పై పొరకు వేరుచేస్తారు. అడుగు పొరను బండలమీద ముడతలు లేకుండా పరచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, దానిమీద నడిమి పొరలు పేర్చి, అన్నిటికంటే పైన ముక్కలను అటూ ఇటూ జరుపుతూ చూసుకుంటారు. కూర్పు జరిగేది ఈ చివరి ఘట్టంలోనే. చదరాలు, దీర్ఘచతురస్రాలు, జాకెట్టు కత్తిరించగా మిగిలిన త్రికోణాలు, పొడుగాటి అంచు పట్టీలు, ఇన్ని ఆకారాలు చేతిలో ఉన్నప్పుడు ఎక్కువమంది ఎన్నుకునే దారి నడుమ ఒక పెద్ద ముక్కను నిలిపి, దాని చుట్టూ చట్రంలా అంచు పట్టీలను తిప్పి, ఆ తరువాత చిన్న ముక్కలను వరసలుగా సాగించడం. పొలాల చుట్టూ గట్లు వేసినట్టే ఇది కూడా. మడిచి పెట్టిన మడత విప్పినప్పుడు చిటికి చీర ముక్క తన చెదిరిన అంచులతో, నీళ్ళలో కదిలే నీడలాగా, నారాయణపేట గళ్ళ నిక్కచ్చి గీతల పక్కన వచ్చి పడుతుంది. ఆ రెంటికీ మధ్య ఒక సాదా ధోవతి పట్టీని వేస్తే కంటికి కాస్త విశ్రాంతి దొరుకుతుందన్న ఎరుకను కుట్టే స్త్రీకి ఏ బడీ నేర్పలేదు.

ఆ తరువాతిది సూది పని. ముందు పొరలు జారకుండా దూరం దూరంగా కచ్చా కుట్టు వేస్తారు, అంటే పని పూర్తయ్యాక లాగేయడానికి వీలైన తాత్కాలిక కుట్టు. అసలు కుట్టు అతి సాదాది. పెద్ద సూదికి ముతక నూలు దారం ఎక్కించి, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ గుచ్చి లాగుతూ వరసగా సాగడమే. కుట్టే మనిషి బొంత మీదనే కూర్చుంటుంది, ఆమె బరువే పొరలను కదలకుండా పట్టి ఉంచుతుంది. కుడిచెయ్యి సూదిని దించుతుంటే పొరల అడుగున చాచిన ఎడమచేతి వేలు సూదిమొనను తాకి, అన్ని పొరలూ దాటిందా లేదా అని చూసి వెనక్కి తిప్పుతుంది, అందుకే బొంత కుట్టేవారి ఎడమ చూపుడువేలు కొస గరుకుబారి ఉంటుంది. కొందరు నిలువుగా బారులు తీస్తారు, కొందరు అంచునుంచి మొదలుపెట్టి చదరంలో చదరంగా లోపలికి తిరుగుతారు. దారం బిగిసిన చోట బట్ట కొద్దిగా కుంగుతుంది, రెండు కుట్ల వరసల నడుమ ఉబ్బుతుంది, దుక్కి దున్నిన చేనులో సాళ్ళలాగా ఈ ఉబ్బెత్తులు బొంత పొడవునా సాగుతాయి. ఆ ఉబ్బులలో నిలిచిన గాలే వెచ్చదనాన్నిస్తుంది, ఎందుకంటే నిశ్చలంగా ఉన్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. వరసలు మరీ దగ్గరైతే బొంత ఎక్కువకాలం మన్నుతుంది గాని బిరుసెక్కుతుంది, మరీ ఎడమైతే మెత్తగా ఉంటుంది గాని నాలుగు ఉతుకులకే లోపలి పొరలు ఉండకడతాయి. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆగాలన్నది వేలి కొలత. ఒక్క బొంతకు ఇద్దరు ఎదురెదురు కొసలనుంచి కుట్టుకొచ్చినప్పుడు, ఒకరి కుట్టు గోధుమగింజంత పొట్టిగా, నిటారుగా నడిస్తే మరొకరిది కాస్త సాగి పక్కకు వాలుతుంది. దస్తూరీని గుర్తుపట్టినట్టే, ఇది ఎవరి చెయ్యో ఇంట్లోవాళ్ళు చెప్పగలరు. సంతకం లేదన్న మాట ఈ కారణంగా పూర్తిగా నిజం కాదు.

ప్రేరణ అన్న మాటను పెద్ద కళలకే దాచి ఉంచడం మనకు అలవాటు. కవికి అది వాల్మీకి చూసిన క్రౌంచపక్షిలా ఎక్కడినుంచో వచ్చి తగలాలని అనుకుంటాం. బొంత కుట్టేవారికి అది పెట్టెలోని బట్టలోనే ఉంటుంది, అది కూడా కొరత రూపంలో. చిత్రకారుడికి కావలసిన రంగు కావాలంటే కొనుక్కోవచ్చు, ఇక్కడ ఇంట్లో చినిగిన చీర ఏ రంగుదైతే అదే రంగు. పసుపు చాలకపోతే పసుపును చిన్న చిన్న ముక్కలుగా చేసి అంతటా చల్లాలి, లేదా ఉన్నదంతా ఒక్కచోటే పెట్టి అటువైపే చూపు పోయేలా చేయాలి. సృజన అనదగినది ఈ సర్దుబాటులోనే జరుగుతుంది. వ్యక్తీకరణ సంగతీ అంతే. తల్లి పోయాక ఆమె చీరలను పంచుకున్న కూతురు వాటిని కట్టుకోలేక, పారేయనూలేక, బొంతలో నడిమి చదరంగా నిలుపుతుంది. తొలిచూలు కాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డకోసం అమ్మమ్మ తన పాత నూలుచీరతో చిన్న బొంత సిద్ధం చేస్తుంది, అది పొత్తిళ్ళలోని పసికందు చర్మానికి ఒరుసుకోదు గనుకనే కొత్తబట్ట కంటే పాతబట్టను ఎన్నుకుంటారు. నూలు ఎన్నిసార్లు ఉతికితే అందులోని గంజీ బిరుసూ అంతగా వదిలి పోగులు మెత్తబడతాయి. అటువంటి బొంతను పరిచినప్పుడు ఇది ఫలానా పెళ్ళికి పెట్టిన చీర, ఇది ఫలానా ఏట బోనాలకు కొన్నది అని వేలు పెట్టి చెప్పుకునే మాటలు ఆ ఇంటి చరిత్రే అవుతాయి, చెప్పేవారు పోతే మాత్రం ఆ చరిత్ర ఉత్త రంగులుగా మిగులుతుంది. బొంతను వ్యక్తిగత డైరీతో పోల్చేవారు గుర్తుంచుకోవలసిన పరిమితి ఇది.

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతాల తండాలకు వెళితే ఇదే సూదీ దారం పూర్తిగా వేరే భాష మాట్లాడతాయి. లంబాణీలనీ బంజారాలనీ కూడా పిలిచే లంబాడాలు ఎద్దులమీద ధాన్యమూ ఉప్పూ మోసుకుంటూ మొఘలుల, నిజాముల సైన్యాల వెంట దక్కనంతా తిరిగిన వర్తకులు, 19వ శతాబ్దిలో రోడ్లూ రైళ్ళూ వచ్చి ఆ వర్తకాన్ని మింగేశాక తండాల్లో స్థిరపడ్డారు, 1976 నాటి చట్టంతో తెలంగాణ ప్రాంతంలోనూ షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందారు. సంచారంలో గోడలు ఉండవు గనుక వారి కళ అంతా ఒంటిమీదికీ, ఎద్దు మీదికీ, సంచుల మీదికీ చేరింది. స్త్రీలు కట్టే ఫేట్యా అనే పరికిణీకి, వీపు కప్పని కాంచళి అనే రవికకు, టుక్రి అనే ముసుగుబట్టకు రంగురంగుల ముక్కలు అతికి, అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టి, నడుమ ఖాళీలను సన్నని కుట్టుతో నింపుతారు. నీళ్ళ కుండ కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురుకు వెనుకవైపు గవ్వల అంచున్న చదరపు గుడ్డ వేలాడుతుంది, పెళ్ళి నాటికి ఇటువంటివి తన చేత్తో కుట్టి సిద్ధం చేసుకోవడం ఆడపిల్లకు ఒకప్పుడు తప్పనిసరి. ఈ పనిలోనూ పొరలు పేర్చి కుట్టే బొంత పద్ధతే పునాది. ముతక గుడ్డను రెండు మూడు పొరలుగా వేసి దగ్గర దగ్గరగా కుట్టి గట్టిపరచి, ఆ గట్టి నేలమీద అసలు అలంకారాన్ని నిలబెడతారు. కర్ణాటకలోని సండూరు లంబాణీల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించింది, అక్కడివారు కీలన్, వేలే, మాకీ వంటి పేర్లతో 14 రకాల కుట్లను వేరుచేసి లెక్కిస్తారు. షార్లెట్ క్వాన్, టిమ్ మెక్‌లాఫ్లిన్ 2016లో బంజారాల వస్త్రాలపై వెలువరించిన పుస్తకం ఈ కుట్టుపనిని ప్రపంచ పాఠకుల ముందుంచింది. బొంత ఇంట్లో ముడుచుకుని పడుకుంటే లంబాడా అతుకుపని ఎండలో మెరుస్తూ నడుస్తుంది. ఒకటి కుటుంబం కోసం కుట్టినది, మరొకటి తానెవరో దారినపోయేవారికి చాటడానికి కుట్టినది. పరిశోధకుల చూపు రెండోదానిమీదే పడడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అమెరికాలో ఈ చూపు మరోలా తిరిగింది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత క్విల్టులను గోడలకు వేలాడదీసి ప్రదర్శించినప్పుడు, వాటిలోని చదరాలూ చారలూ నాటి నైరూప్య చిత్రకళకు ఏమాత్రం తీసిపోవని విమర్శకులు మెచ్చుకున్నారు, అయితే వాటిని కుట్టిన స్త్రీల పేర్లను పెద్దగా పట్టించుకోలేదు. పేరుతో సహా గౌరవం దక్కింది అలబామా రాష్ట్రంలో నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలకు. 2002లో హ్యూస్టన్‌లో మొదలై విట్నీకి వచ్చిన వారి క్విల్టుల ప్రదర్శన సంచలనమైంది, 2006లో అమెరికా తపాలాశాఖ వాటిపై పది బిళ్ళలు విడుదల చేసింది. బానిసల సంతతి అయిన ఆ పత్తిచేల కౌలుదార్లు కుట్టినది కూడా అరిగిన పనిబట్టలతోనే. వారిలో మిస్సోరి పెట్‌వే 1942లో భర్త చనిపోయాక ఆయన పాత బట్టలన్నీ కలిపి ఒక క్విల్టు కుట్టి, దానిని కప్పుకుని ఆయనను తలచుకుంది. ఆ క్విల్టు ఫొటో చూసిన పాలమూరు స్త్రీకి ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. మన దగ్గరికి వస్తే, ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే ఆఫ్రికా మూలాల సిద్దీల కౌదులకు ఇటీవల ప్రదర్శనలూ కొనుగోలుదారులూ దొరికారు. తెలంగాణ బొంతకు ఆ అదృష్టం పట్టకపోవడానికి దానిలోని లోపం కారణం కాదు, దానిని గోడకు వేలాడదీయవచ్చని ఎవరికీ తోచకపోవడమే కారణం. తోచి ఉన్నా, రాత్రి కప్పుకోవలసినదాన్ని గోడకెందుకు తగిలించారని కుట్టినావిడ అడిగే ప్రశ్నకు క్యూరేటర్ల దగ్గర, అంటే ప్రదర్శనశాల నిర్వాహకుల దగ్గర, సూటి జవాబు ఉండకపోవచ్చు.

అందరూ తమ బొంత తామే కుట్టుకోరు. బుడగజంగాల కుటుంబాల్లో మగవారు కథలు చెబుతుంటే స్త్రీలు ఊరూరా తిరిగి బొంతలు కుట్టిచ్చే అలవాటు ఉంది. ఇంటివారు పాతచీరలూ దారమూ ఇస్తే వారు అరుగుమీద కూర్చుని కుట్టి, కూలిగా గింజలో డబ్బో తీసుకుని వెళతారు. బట్ట ఒకరిది, చెయ్యి మరొకరిది అయినప్పుడు ఆ బొంతలోని భావం ఎవరిదన్న చిక్కు ప్రశ్న ఇక్కడ పుడుతుంది. ఇంటావిడ ఈ చీర నడుమ రావాలని చెబుతుంది, కుట్టే ఆవిడ తనకు అలవాటైన చదరాల్లో దానిని ఒదిగిస్తుంది. కీర్తన ఒకరు రాసి మరొకరు పాడినప్పుడు ఇద్దరినీ కళాకారులనే అంటున్నాం గనుక, దీనికి అంతకంటే కఠినమైన కొలత పెట్టనక్కరలేదు.

గట్టి దెబ్బ బట్ట మారడంతో తగిలింది. పల్లెల్లో నూలుచీర స్థానాన్ని పాలియెస్టర్ ఆక్రమించాక చీర త్వరగా చినగదు, రంగు వెలియదు, ఉతకడం తేలిక; కట్టుకునేవారికి ఇవన్నీ మేలే. 2017నుంచి ప్రభుత్వం పండగకు పంచిన బతుకమ్మ చీరలు కూడా ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద పాలియెస్టర్ నూలుతో నేసినవే. కాని బొంతలో ఈ బట్ట మొండికేస్తుంది. చెమట పీల్చదు, పొరమీద పొర జారుతుంది, సూది దిగినచోట దారం సడలుతుంది. అంతకంటే సున్నితమైన నష్టం మరొకటి ఉంది. నూలు రంగులు ఏళ్ళ తరబడి ఎండకూ చాకిరేవుకూ ఓడి, ఎరుపు ఇటుకరంగుగా, ఆకుపచ్చ బూడిదపచ్చగా వెలిసి, చివరికి అన్నీ ఒకదాని పక్కన ఒకటి తగవు లేకుండా సర్దుకుంటాయి. పాత బొంతను చూసినప్పుడు కలిగే నెమ్మదికి సగం కారణం కుట్టినవారి కన్ను అయితే మిగతా సగం ఈ వెలవడమే. పాలియెస్టర్ గులాబీ పదేళ్ళ తరువాత కూడా కొట్టులోంచి తెచ్చిననాటి గులాబీగానే అరుస్తుంది, పక్కనున్న నీలం దానికి తగ్గదు. కుట్టేవారు దీనికీ ఉపాయం వెతికారు. పాలియెస్టర్‌ను పైనా కిందా నునుపుకోసం వాడి, ఒంటికి వెచ్చదనమిచ్చే నడిమి పొరలకు ఇంట్లో మిగిలిన నూలు దుప్పట్లను, లుంగీలను దాస్తున్నారు; దర్జీ దుకాణంలో మిగిలే కత్తిరింపులతో, మిషను కుట్టుతో చేసేవీ వచ్చాయి. బజారులో మందపాటి రంగుల దుప్పటి చవకగా దొరుకుతుంటే నెలరోజులు సూది పట్టుకుని కూర్చోవడానికి ఇప్పుడు కారణం చలి కాదు.

పాత బొంత చినిగితే దానిని పారేయరు. కుట్లు విప్పకుండానే, చిరుగులతో సహా అలాగే నేలమీద పరచి, పైన ఒక కొత్త పొర, కింద ఒక కొత్త పొర వేసి మళ్ళీ అంచునుంచి కుట్టుకొస్తారు. అలా రెండు మూడుసార్లు జరిగిన బొంత చేతికి బరువుగా తగులుతుంది. పైపొర ఎక్కడైనా అరిగి కాస్త విచ్చుకున్నప్పుడు లోపలినుంచి వెనకటి బొంత గళ్ళూ, దానిమీద అత్తగారో ఆమె తల్లో వేసిన, ఇప్పటివారి చేతికంటే కాస్త పొడుగాటి కుట్టూ కనిపిస్తాయి. కొత్త సూది చాలాచోట్ల ఆ పాత కుట్టు గాళ్ళలోంచే దిగి ఉంటుంది.